సహాయ పేజీ మూసేయమంటారా?

పేరు వేయొద్దని కోరుతూ ఒక పాఠకురాలు చాలా పెద్ద ఉత్తరం పంపారు. ఆమె అకౌంట్స్ ఉద్యోగి. ఎక్సెల్‌తో తంటాలు పడేవాళ్ల కోసం నాలుగేళ్ల కిందట ఆన్‌లైన్‌లో ఒక ప్రశ్న-జవాబుల సహాయ పేజీ మొదలుపెట్టారు. ఎవరైనా ప్రశ్న అడగొచ్చు, తెలిసినవాళ్లు జవాబు రాయొచ్చు, పనికొచ్చిన జవాబుకి ఓటు వేయొచ్చు. ఎవరి దగ్గరా డబ్బు తీసుకోరు. మొదట్లో వారానికి నాలుగైదు ప్రశ్నలు వచ్చేవి. ఇప్పుడు రోజుకి ముప్పై దాకా వస్తున్నాయి. క్రమం తప్పకుండా జవాబులు రాసేది మాత్రం ముగ్గురే.

ఒకరు ఆమె. రెండో ఆయన, ఆమె ఉద్యోగంలో చేరిన కొత్తలో పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పిన సీనియర్. ఆయన రిటైరై చాలాకాలమైనా ఆమెకి ఇప్పటికీ 'సార్' అనే పిలుపే. ఆయన జవాబులో తప్పు పట్టడం కష్టం, కానీ మాట కరుకు. 'ఈ ప్రశ్న ఇప్పటికి ఇరవైసార్లు వచ్చింది, వెతుక్కునే ఓపిక లేనివాళ్లు ఇక్కడికి రావద్దు' అని రాసి ప్రశ్నని మూసేస్తారు. మొదటి ప్రశ్నకే చీవాట్లు తిన్నవాళ్లు మళ్లీ కనిపించడం లేదు. మూడో వ్యక్తి ఆరు నెలల కిందట చేరిన కుర్రాడు. ప్రశ్న పడిన రెండు నిమిషాల్లో జవాబు పెడతాడు. చక్కటి భాష, పొందికైన జవాబు, ఓట్లు కూడా బాగానే పడతాయి. ఏఐ చాట్‌బాట్ రాసిచ్చినదాన్ని ఒక్కసారి కూడా తను చేసి చూడకుండా అతికిస్తున్నాడని ఆమెకి ఈమధ్యే తెలిసింది.

ఇవన్నీ ఎలాగో నెట్టుకొస్తుండగా పోయిన నెల ఒక సంఘటన జరిగింది. ఒకాయన తమ సంఘం సభ్యుల జాబితాలో రెండేసిసార్లు పడిన పేర్లు తీసేయాలనుకున్నారు. వెతికితే ఈమె రెండేళ్ల కిందట రాసిన జవాబు దొరికింది. 'రిమూవ్ డూప్లికేట్స్ నొక్కండి, పేరు కాలమ్ ఒక్కదానికే టిక్ ఉంచండి' అని అందులో ఉంది. నిజానికి అప్పట్లో ఆ ప్రశ్న అడిగిన ఆవిడకి కావలసింది స్టాకులో ఎన్ని రకాల సరుకులున్నాయో తెలిపే పేర్ల పట్టిక మాత్రమే. ఈయన మాత్రం ఆ జవాబునే సభ్యుల జాబితా మీద ప్రయోగించి, సేవ్ చేసి, ఫైల్ మూసేశారు. వారం తర్వాత చూసుకుంటే పదకొండు మంది సభ్యులు గల్లంతు. ఒకే పేరున్న వేర్వేరు మనుషుల్లో జాబితాలో ముందున్నవాళ్లు మిగిలి, తర్వాతివాళ్ల వరసలు ఫోన్ నంబర్లతో సహా పోయాయి. 'తెలియకపోతే ఊరుకోవాలి గానీ ఇలా కొంప ముంచుతారా' అని ఆయన రాసిన మాట ఆమె మనసులోంచి పోవడం లేదు. అప్పటినుంచి రాత్రి రెండింటికి లేచి, పేజీలో ఎవరేం రాశారో ఫోన్‌లో చూసుకుంటున్నారు. 'నిన్నెవరు అడిగారు, మూసి పారెయ్' అంటున్నారు భర్త.

పేజీ మూసేయాలా? గురువులాంటి మనిషికి మర్యాద గురించి తానెలా చెప్పాలి? జరిగిన నష్టానికి బాధ్యత తనదేనా? ఇవీ ఆమె ప్రశ్నలు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అడిగిన మూడింటిలో చివరిదాన్ని ముందు తీసుకుంటాను. మీ నిద్ర చెడగొడుతున్నది అదే. అది తేలకుండా మిగతా రెండింటి మీద మీరు స్థిమితంగా ఆలోచించలేరు.

మీ జవాబు తప్పు కాదు. ఎవరికి రాశారో వాళ్లకి సరిగ్గా సరిపోయింది. ఒక్కో సరుకు పేరు ఒక్కసారి వస్తే చాలన్నప్పుడు పేరు కాలమ్‌కి టిక్ పెట్టమనడమే సరైన పద్ధతి. మనుషుల జాబితాకి అది పనికిరాదు, ఎందుకంటే ఒకే పేరున్నవాళ్లు ఇద్దరుంటారు. అక్కడ పేరుతోపాటు ఫోన్ నంబరో, సభ్యత్వ సంఖ్యో కలిపి టిక్ పెట్టాలి. ఈ తేడా మీకు తెలుసు. ఆయనకి తెలియదు. తెలియజెప్పే వాక్యం ఆ జవాబులో లేదు. మీ వంతు బాధ్యత ఆ లేని వాక్యం వరకే. కాపీ తీసుకోకుండా అసలు ఫైల్ మీదే పని చేయడం, సరిచూసుకోకుండా సేవ్ చేయడం ఆయన వంతు. మీరేమో మొత్తం బరువు నెత్తిన పెట్టుకున్నారు, ఆయనేమో కోపంలో మొత్తం మీ మీదికి తోసేశారు. అసలు పంపకం ఆ రెంటికీ మధ్యలో ఉంది.

ఈ బాధ నాకు కొత్త కాదు. కొన్నేళ్లపాటు నేను ఒక సంస్థలో హెల్ప్‌డెస్క్ చూశాను. మెయిల్ నెమ్మదిగా వస్తోందని ఒకావిడ అంటే, ఖాతా తీసేసి మళ్లీ పెట్టుకోమని ఫోన్‌లో చెప్పాను. అందరికీ చెప్పేదే. ఆవిడ మెయిళ్లన్నీ ఆ ఒక్క కంప్యూటర్‌లోనే ఉన్నాయా అని నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. మూడేళ్ల ఉత్తరాలు పోయాయి. తర్వాత చాలా రోజులు ఫోన్ మోగితే గుండె దడదడలాడేది. అందులోంచి నన్ను బయటపడేసింది ఓదార్పు మాటలు కాదు. 'మెయిళ్లు ఇంకెక్కడైనా ఉన్నాయా' అనే ప్రశ్నని మా సూచనల కాగితంలో మొదటి వరసలో రాయించాక గానీ నా మనసు కుదుటపడలేదు. మీకూ అలాంటి పనే కావాలి.

కాబట్టి ఆ పాత జవాబు తీసేయకండి. తీసేస్తే ఆ పని ఎలా చేయాలో తెలియక వచ్చేవాళ్లు ఇంకెక్కడో ఇంతకన్నా అరకొర జవాబు పట్టుకుంటారు. దాని తలమీద, అంటే మొదటి వాక్యానికి ముందే, మూడు మాటలు చేర్చండి. ఇది చేసేముందు ఫైల్‌కి వేరే పేరుతో ఒక కాపీ తీసుకోండి. ఇది వరసలు చెరిపేస్తుంది, ఫైల్ మూసేశాక అన్‌డూ పనిచేయదు. మనుషుల పేర్లున్న జాబితా అయితే పేరొక్కదానితో చేయకండి, కింద రెండో పద్ధతి (పేరుతోపాటు ఫోన్ నంబరో సభ్యత్వ సంఖ్యో కలిపి టిక్ పెట్టడం) చూడండి. ఆ రెండో పద్ధతిని జవాబు కింద చేర్చండి. అడుగున 'ఫలానా తేదీన సవరించాం, కారణం ఇదీ' అని రాయండి. తప్పు దాచకుండా దిద్దిన జవాబు మీద చదివేవాళ్లకి నమ్మకం పెరుగుతుంది.

ఆయనకి కూడా రాయండి. 'మీకు నష్టం జరిగినందుకు బాధగా ఉంది. ఆ జవాబులో ఉండాల్సిన హెచ్చరిక లేదు, ఇప్పుడు చేర్చాం' అంటే చాలు. క్షమాపణ ఇంతకన్నా పొడుగైతే మీ బాధ చెప్పుకోవడమే అవుతుంది, ఆయనకి అక్కరకి రాదు. అక్కరకొచ్చేది ఇంకొకటి ఉంది, మీ ఉత్తరంలో ఆ ప్రస్తావనే లేదు: పోయిన వరసలు తిరిగి వస్తాయేమో ఎవరైనా చూశారా? ఆ ఫైల్ వన్‌డ్రైవ్‌లో, అంటే మైక్రోసాఫ్ట్ వాళ్ల ఆన్‌లైన్ నిల్వలో ఉంటే ఎక్సెల్‌లోనే ఫైల్ మెనూ, ఇన్ఫో, వెర్షన్ హిస్టరీలోకి వెళ్తే పాత ప్రతులు కనిపిస్తాయి. గూగుల్ షీట్స్‌లోనూ ఫైల్ మెనూ కింద వెర్షన్ హిస్టరీ ఉంటుంది. రెండూ కాకుండా కంప్యూటర్‌లోనే ఉంటే, ఆ జాబితాని అంతకుముందు ఎవరికైనా మెయిల్‌లో పంపారేమో అడగండి. పంపిన మెయిళ్లలో అటాచ్‌మెంట్ అలాగే ఉంటుంది. సంఘాల జాబితా ఒక్కరి దగ్గరే ఉండటం అరుదు. కార్యదర్శి దగ్గరో కోశాధికారి దగ్గరో పాత ప్రతి ఉండే అవకాశం చాలా ఉంది.

ఇక పేజీ సంగతి. మీ ఇబ్బందులు మూడూ వేర్వేరు అనుకుంటున్నారు గానీ, నాకు మూడింటి వేరూ ఒకటే కనిపిస్తోంది. ఇలాంటి పేజీలో ప్రతి జవాబుకీ ఇద్దరు పాఠకులు ఉంటారు. ఒకరు ఆ పూట ప్రశ్న అడిగినవాళ్లు. రెండోవాళ్లు వెతుక్కుంటూ ఎప్పుడో వచ్చి, చదివి, ఒక్క మాటా రాయకుండా వెళ్లిపోయేవాళ్లు. వెబ్‌సైట్ల వాడుక మీద చాలాకాలం పనిచేసిన జేకబ్ నీల్సన్ 2006లో ఒక లెక్క చెప్పారు: ఇలాంటి చోట్లకి వచ్చే నూరుమందిలో దాదాపు 90 మంది చదివి వెళ్లిపోతారు, 9 మంది అప్పుడప్పుడూ ఏదో రాస్తారు, ఎక్కువ భాగం రాసేది ఆ మిగిలిన ఒక్కరే. అన్నిచోట్లా కచ్చితంగా ఇదే లెక్క కాకపోవచ్చు, మీ పేజీకి మాత్రం అచ్చు గుద్దినట్టు సరిపోతోంది. జాబితా పోగొట్టుకున్నాయన ఆ 90 మందిలో ఒకరు. ఆయన వచ్చినట్టే మీకు తెలియదు.

మీ సార్ కళ్లకి కనిపించేది ఆ తర్వాతి పాఠకులే. పేజీ శుభ్రంగా ఉండాలి, ఒక ప్రశ్నకి ఒకే జవాబు ఉండాలి, వెతికితే దొరకాలి. ఆయన తపన నిజమైనది. ఆ తపనలో ఎదురుగా భయంభయంగా ప్రశ్న టైప్ చేసిన మనిషి ఆయనకి కనిపించడం మానేశాడు. ఆ కుర్రాడికి దీనికి సరిగ్గా ఎదురు. అడిగినవాళ్లని కాచుకోనివ్వకూడదన్న తొందర తప్ప, ఆ జవాబు రెండేళ్ల తర్వాత ఇంకెవరో పట్టుకుని నమ్ముతారన్న ధ్యాస లేదు. ఇద్దరు పాఠకుల వైపు చూపూ మీకొక్కరికే ఉంది, అందుకే ఇద్దరి లోపాలూ మీరొక్కరే మోస్తున్నారు. అలిసిపోరా మరి?

సార్ విషయంలో మీకు నాలుగు దారులు కనిపిస్తున్నాయి నాకు.

మొదటిది, ఏమీ అనకుండా ఇలాగే పోనివ్వడం. ఆయన మనసు నొచ్చుకోదు. కొత్తవాళ్లు రావడం మాత్రం తగ్గిపోతుంది, రేపు జవాబులు రాయాల్సినవాళ్లు ఆ కొత్తవాళ్లలోంచే రావాలి. స్టాక్ ఓవర్‌ఫ్లో సంగతి మీకు తెలిసే ఉంటుంది, ప్రోగ్రామర్ల ప్రశ్నల కోసం 2008లో మొదలై ప్రపంచమంతా వాడిన వేదిక. జవాబుల నాణ్యతలో దానికి సాటి లేదనే పేరుండేది. అలాంటిది, తమ దగ్గర కొత్తవాళ్లకి ఆదరణ లేదని, ముఖ్యంగా మహిళలు, కొత్తగా కోడింగ్ నేర్చుకుంటున్నవాళ్లు ఇక్కడ ఇబ్బంది పడుతున్నారని 2018 ఏప్రిల్‌లో వాళ్లే బహిరంగంగా ఒప్పుకుని రాశారు. ఆ ఏడాదే కొత్తవాళ్ల ప్రశ్న పక్కన 'ఈయన కొత్త, కాస్త ఓపిక పట్టండి' అనే అర్థం వచ్చే గుర్తు పెట్టారు. అంత పెద్ద వేదికే పదేళ్లు ఆగి దిద్దుకోవాల్సి వచ్చింది. మీకు అన్నేళ్లు ఆగే ఓపిక లేదు, ఆగాల్సిన అవసరమూ లేదు.

రెండోది, అందరికీ కలిపి ఒక నియమం రాయడం: 'అడిగినవాళ్ల గురించి వ్యాఖ్య చేయకూడదు, ప్రశ్న గురించే మాట్లాడాలి' అని. పేరు పెట్టి ఎవరినీ అన్నట్టుండదు. కానీ ఉన్నది ముగ్గురు. నియమం ఎవరి కోసమో ఆయనకి ఆ క్షణంలోనే అర్థమవుతుంది. ఎదురుగా చెప్పే ధైర్యం లేక గోడ మీద రాశావా అనుకుంటారు. ఎదురుగా మాట్లాడాక రాస్తే అది నియమం, మాట్లాడకుండా రాస్తే దెప్పిపొడుపు. ముందు మాట్లాడండి.

మూడోది ఆ మాట్లాడటమే. గురువుకి బుద్ధి చెప్పడమని మీరనుకుంటున్నారు కాబట్టి నోరు రావడం లేదు. ఇంకోలా మొదలుపెట్టి చూడండి. మీరు కొత్తలో చేసిన తప్పు ఒకటి ఆయనకి గుర్తుచేయండి. 'సార్, అప్పుడు నేను అదే తప్పు మూడోసారి చేసినప్పుడు కూడా మీరు కుర్చీ దగ్గరికి లాక్కుని మళ్లీ చూపించారు. ఆ రోజు మీరు విసుక్కుని ఉంటే నేను ఈ పేజీ పెట్టేదాన్నే కాదు' అనండి. పొగడ్త కోసం కాదు, అది నిజం, మీ ఉత్తరంలోనే రాశారు. ఎదుటి మనిషి ముఖం కనిపిస్తే ఆయన ఓపికమంతుడే. ఇక్కడ ముఖం కనిపించదు, కనిపించేది ఇరవై ఒకటోసారి వచ్చిన అదే ప్రశ్న.

ఆ ఇరవై ఒకటో ప్రశ్న గురించి కూడా ఆయనతో కాస్త వివరంగా మాట్లాడండి. మీరు పంపిన వాటిలోంచే ఉదాహరణ తీసుకుంటాను. ఒకరు 'ఫోన్ నంబర్లో ముందు సున్నా పోతోంది' అని అడిగారు. ఇంకొకరు 'ఐడీ నంబర్లు కొన్ని చిన్నవైపోయాయి' అన్నారు. మూడోవారు '007 అని కొడితే 7 పడుతోంది, ఎంటర్ కీ పాడైందా' అన్నారు. సార్ దృష్టిలో మూడూ ఒకటే ప్రశ్న, నిజమే. కొట్టినదాన్ని ఎక్సెల్ అంకెగా తీసుకుంటుంది, అంకెకి ముందున్న సున్నాకి విలువ లేదు కాబట్టి తీసేస్తుంది. ఆ కాలమ్‌ని ముందే టెక్స్ట్‌గా మారిస్తే సరి. జవాబు తెలిసినవాళ్లకే అవి మూడూ ఒకటని తెలుస్తుంది. ఎంటర్ కీ పాడైందనుకున్న మనిషి 'లీడింగ్ జీరో' (ముందున్న సున్నా) అని ఎలా వెతుకుతాడు? ఆ మనిషి వాడిన మాటలతోనే వెతికేవాళ్లు ఇంకా ఉంటారు. అందుకే మళ్లీ వచ్చిన ప్రశ్న చెత్త కాదు, అసలు జవాబు దగ్గరికి చేర్చే మరో తలుపు. ప్రశ్నని మూసేయొచ్చు, తప్పులేదు. మూసేటప్పుడు 'మీరడిగినదానికి ఇక్కడ పూర్తి జవాబు ఉంది, చూశాక కూడా కుదరకపోతే ఇక్కడే రాయండి' అని లింకు ఇచ్చి మూయండి. పని అదే, రెండు వాక్యాల తేడా.

'ఇంత చిన్న విషయం కూడా తెలియదా' అని ఆయన అంటారని రాశారు. 2020లో మనిషి జన్యువులకి పేర్లు పెట్టే అంతర్జాతీయ కమిటీ కొన్ని జన్యువుల పేర్లు మార్చింది. మార్చ్1, సెప్ట్1 లాంటి పేర్లని ఎక్సెల్ తేదీలుగా మార్చేసి, పరిశోధన పట్టికల్లో ఏళ్ల తరబడి తప్పులు దొర్లడమే కారణం. శాస్త్రవేత్తలు సాఫ్ట్‌వేర్‌తో వేగలేక జన్యువుల పేర్లే మార్చుకున్నారు. ఈ సంగతి సార్‌కి చెప్పండి, ఆయనకి నచ్చుతుంది. ఆ తర్వాత సున్నా పోయిందని అడిగేవాళ్ల మీద అంత విసుగు రాదు.

నాలుగో దారి ఆయన పని మార్చడం. మీ స్థానంలో ఉంటే నేను మూడోది చేసి, దాంతోపాటే దీన్నీ చేస్తాను. నాలుగేళ్లలో పోగుపడిన జవాబుల్లో పాతబడినవి ఎన్నో ఉంటాయి. పట్టికలో వెతికి వివరం తెచ్చే వీలుకప్ ఫార్ములా తప్ప దారి లేదని రాసినవి ఉంటాయి, ఇప్పుడు అదే పనికి ఎక్స్‌లుకప్ వచ్చింది. హెచ్చరిక లేనివి, మీ డూప్లికేట్స్ జవాబులాంటివి, ఇంకెన్ని ఉన్నాయో. వాటిని ఒక్కొక్కటే తీసి, చేసి చూసి, సరిదిద్ది, తేదీ వేయగల మనిషి మీలో ఆయనొక్కరే. కొత్త ప్రశ్నల వరస నుంచి ఆయన్ని తప్పించడంలా కాకుండా, జరిగిన నష్టం చెప్పి 'ఇలాంటిది మళ్లీ జరగకూడదంటే మీరే చూడాలి సార్' అని అడగండి. ఒక ఇబ్బంది ఉంది. కొత్త ప్రశ్నలకి జవాబులు కొన్నాళ్లు నెమ్మదిస్తాయి. అడిగినవాళ్లు ఒక రోజు ఆగాల్సి వస్తుంది. చీవాట్లతో గంటలో వచ్చే జవాబు కన్నా రేపు వచ్చే మంచి జవాబు మేలని నా అభిప్రాయం. ఆయన ఒప్పుకోకపోవచ్చు, నొచ్చుకుని వెళ్లిపోనూ వచ్చు. వెళ్లిపోతే పేజీకి పెద్ద లోటే. కానీ ఇప్పుడు ఏమీ అనకపోతే లోపల్లోపల మీకు ఆయన మీద విసుగు పేరుకుపోయి, ఏదో ఒక రోజు అనరాని మాట అనేస్తారు. మీ బంధానికి అది ఇంకా చేటు.

కుర్రాడి విషయం ఇంత చిక్కు కాదు. చాట్‌జీపీటీ బయటికొచ్చిన కొద్ది రోజులకే, 2022 డిసెంబర్‌లో, స్టాక్ ఓవర్‌ఫ్లో దాంతో రాసిన జవాబుల్ని నిషేధించింది. చూడటానికి బాగుంటాయి, సులువుగా పుట్టుకొస్తాయి, కానీ తప్పులు ఎక్కువ, సరిచూడ్డానికి మనుషులు చాలరు అన్నది వాళ్లు చెప్పిన కారణం. మీరూ నిషేధం పెట్టొచ్చు. అమలు చేయడం మాత్రం కష్టం. ఏది యంత్రం రాసిందో ఏది మనిషి రాశాడో కచ్చితంగా తేల్చే సాధనం లేదు. అనుమానంతో నిజాయితీగా రాసినవాళ్లని కూడా అంటారు, అది ఇంకా అన్యాయం. నాకు మంచిదనిపించేది వేరే: ప్రతి జవాబు చివర 'నేను ఇది ఫలానా వెర్షన్లో చేసి చూశాను' అనే వాక్యం తప్పనిసరి చేయండి, ఎవరు రాసినా సరే, మీరైనా సరే. వాడికి యంత్రం సాయం తీసుకోవద్దని చెప్పక్కర్లేదు. చేసి చూడనిదాన్ని పెట్టొద్దని చెప్పండి. అప్పుడు రెండు నిమిషాల జవాబు ఇరవై నిమిషాలు అవుతుంది, ఓట్లు తగ్గుతాయి, ఉత్సాహం తగ్గి మానేయనూ వచ్చు. నిలబడితే ఏడాదిలో మంచి సహాయకుడు అవుతాడు. ఈలోగా, ఇప్పటిదాకా వాడు పెట్టిన వాటిలో 'డిలీట్', 'రిమూవ్', 'రీప్లేస్ ఆల్' అనే మాటలున్న జవాబుల్ని ముందు తీసి చూడండి. ఫార్ములా తప్పైతే చాలాసార్లు ఎర్రర్ వస్తుంది, మనిషి ఆగుతాడు. చెరిపేసే జవాబు తప్పైతే, తప్పని చెప్పే హెచ్చరిక ఏదీ రాదు.

ప్రశ్న అడిగే చోట కూడా ఒక చిన్న మార్పు చేయండి, మీ పని సగం తగ్గుతుంది. ఇప్పుడు ఒకే ఖాళీ పెట్టె ఉందన్నారు. 'నా షీట్ పనిచేయడం లేదు, అర్జెంట్' అని అందులో రాయడం అడిగేవాళ్ల తప్పు కాదు, పెట్టె వాళ్లని ఇంకేమీ అడగలేదు. దాన్ని నాలుగు ముక్కలు చేయండి: ఏ వెర్షన్ వాడుతున్నారు, ఏం చేశారు, ఏం రావాలనుకున్నారు, ఏం వచ్చింది. వెర్షన్ ఎందుకంటే, ఎక్సెల్ 2016 ఉన్న మనిషికి ఎక్స్‌లుకప్ చెబితే ఆయనకి వచ్చేది నేమ్ ఎర్రర్ (ఆ పేరు గల ఫార్ములా తెలియదని) మాత్రమే, ఇంకో పది సందేశాలు నడుస్తాయి. 'ఏం రావాలనుకున్నారు' అన్నది అన్నిటికన్నా ముఖ్యం. చాలామంది తమ అసలు అవసరం అడగరు, దానికి తాము ఊహించుకున్న పరిష్కారంలో ఎక్కడ ఆగిపోయారో అది అడుగుతారు. జాబితా పోగొట్టుకున్నాయన అడిగి ఉంటే 'డూప్లికేట్స్ ఎలా తీయాలి' అనే అడిగేవారు. 'ఒక్కో సభ్యుడు ఒక్కసారే ఉండాలి' అని రాయించగలిగితే, అది చదివిన వెంటనే 'మరి ఒకే పేరున్నవాళ్లు ఇద్దరుంటే?' అని మీరే అడిగేవారు. శీర్షిక టైప్ చేస్తుండగానే పాత ప్రశ్నల్లో దగ్గరగా ఉన్నవి కింద చూపించే ఏర్పాటు చాలా సాఫ్ట్‌వేర్లలో సిద్ధంగానే ఉంటుంది. ఆపి ఉందేమో చూసి ఆన్ చేయండి.

మీరు అడగని విషయం ఒకటి చెప్పాలి. జనం తమ ఫైల్స్ నేరుగా మీ పేజీలో పెడుతున్నారని రాశారు. జీతాల షీట్లు, పేషెంట్ల పేర్లు, ఫోన్ నంబర్లు అందరికీ కనిపించేలా అక్కడ పడి ఉన్నాయంటే, ఆ పదకొండు వరసల కన్నా నన్ను ఇది ఎక్కువ కలవరపెడుతోంది. ఫైల్ పెట్టేచోట 'అసలు పేర్లు, నంబర్లు తీసేసి, ఐదారు ఉత్తుత్తి వరసలతో నమూనా చేసి పెట్టండి' అని రాయండి. పాతవాటిలో అసలు వివరాలున్న ఫైల్స్ వెంటనే తీసేయండి. మిగతావన్నీ వచ్చే నెల చేసినా పర్వాలేదు, ఇది ఆగేది కాదు.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. మూసేయడంలో తప్పేమీ లేదు. ఉచితంగా చేసిన మేలు జీవితాంతం చేస్తూనే ఉండాలని ఎవరికీ రుణపడలేదు మీరు. యాహూ ఆన్సర్స్ అంతటి ప్రశ్న-జవాబుల వేదిక 2005లో మొదలై 2021 మే 4న మూతపడింది. దానికి రెండు వారాల ముందే కొత్త ప్రశ్నలు ఆపేశారు, ఎవరు రాసినవి వాళ్లు దాచుకోవడానికి కొంత గడువు ఇచ్చారు. తర్వాత మొత్తం తీసేశారు. మీరూ అలా చేస్తే ఆ రోజు నుంచి నిద్ర పడుతుంది. నాలుగేళ్ల జవాబులూ పోతాయి, వాటి మీద ఆధారపడ్డ ఆ కనిపించని 90 మందికి దారి మూసుకుపోతుంది. కొన్ని నెలలకి మీకే బెంగ పడుతుందని మీ ఉత్తరం చదువుతుంటే అనిపించింది.

మూతకి, ఇప్పుడున్న తీరుకి నడుమ ఇంకో రెండు మార్గాలున్నాయి. ఒకటి, కొత్త ప్రశ్నలు ఆపేసి ఉన్నవి చదువుకోవడానికి మాత్రం ఉంచడం. రోజువారీ బరువు పూర్తిగా దిగిపోతుంది. కానీ జవాబులు పాతబడుతూనే ఉంటాయి, 'ఫలానా తేదీ తర్వాత ఇవి సరిచూడలేదు' అని ప్రతి పేజీ మీదా కనిపించాలి. చెరిపేసే పనుల జవాబులు ముందు సరిదిద్దాకే అలా ఉంచాలి, లేకపోతే ఇంకో జాబితా పోతుంది. రెండోది, తెరిచే ఉంచి పరిమితి పెట్టుకోవడం. రోజుకి పది ప్రశ్నలే తీసుకుంటామనో, వారంలో మూడు రోజులే జవాబులిస్తామనో పైన స్పష్టంగా రాయండి. కొందరు విసుక్కుని వెళ్లిపోతారు, వెళ్లనివ్వండి. మిగిలినవాళ్లలో, జవాబు పొంది కృతజ్ఞతగా మళ్లీ వస్తున్నవాళ్ల పేర్లు చూసుకోండి, ముగ్గురో నలుగురో దొరుకుతారు. 'సున్నా పోయే ప్రశ్నలు ఇకనుంచి మీరు చూడగలరా' అని ఒక్కొక్కరికీ చిన్న ముక్క అప్పగించండి. 'ఎవరైనా సాయం చేయండి' అని అందరినీ కలిపి అడిగితే ఎవరూ రారు. ఫలానా పని అని పేరు పెట్టి అడిగితే చాలామంది కాదనరు.

నన్నడిగితే ఈ రెండోదాన్ని మూడు నెలలు చేసి చూడమంటాను. అప్పటికీ తెల్లారేసరికి గుండె బరువుగా ఉంటే, అప్పుడు కొత్త ప్రశ్నలు ఆపేయండి. మూసేయమంటున్న మీ ఆయన పేజీ మీద కోపంతో అంటున్నారని నేను అనుకోను. పక్కన మనిషి రాత్రి రెండింటికి లేచి కూర్చోవడం ఆయన చూస్తున్నారు. ఫోన్‌లో ఆ పేజీ నోటిఫికేషన్లు ఈ రాత్రే ఆపేయండి, చూడాలంటే కంప్యూటర్ దగ్గరే చూడండి. ఆపేసినట్టు ఆయనకి చూపించండి కూడా. మూడు నెలల గడువు సంగతి అప్పుడు మాట్లాడితే ఆయన వింటారు.

రేపు పొద్దున మొదటి పనిగా మాత్రం ఆ జాబితా పెద్దాయనకి వెర్షన్ హిస్టరీ సంగతి రాయండి. వన్‌డ్రైవ్‌లో పాత ప్రతులు ఎల్లకాలం ఉండవు, ఇప్పటికే నెల కావస్తోంది. ఆ పదకొండు పేర్లు దొరికాయో లేదో తెలిసినప్పుడు నాకూ ఒక ముక్క రాయండి.